నోట్‌బుక్ గుమ్మం మార్చిన సోమవారం

ఆ సోమవారం పవిత్ర చేయాల్సిన పనులు ఐదు. ముందురోజే తెల్లకాగితం మీద వరుసగా రాసిపెట్టుకుంది.

ఒకటి: ఏడున్నర నుంచి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ గంటన్నర కంప్యూటర్‌లో ఏదీ మార్చకూడదు. (సార్ మాట)

రెండు: తొమ్మిది దాటాక, నోట్‌బుక్ మొదట తెరుచుకునే ఫోల్డర్ మార్చాలి. (ఇదీ సార్ మాటే)

మూడు: అరవై నలుగురు రైతులకు పొద్దుటి మెసేజ్ పంపాలి.

నాలుగు: పురుగుల గదిలో తేమ చూసే మీటరుకు కొత్త బ్యాటరీ వేయాలి.

ఐదు: నాయన ఫోన్ చేస్తే, ఉద్యోగం సంగతి ఈరోజే తేలుతుందని చెప్పకూడదు.

ఐదో పనే అన్నిటికంటే కష్టమని ఆమె అనుకుంది. పవిత్రది చెన్నేకొత్తపల్లి దగ్గర ఒక పల్లె. నాయన గొర్రెలు మేపుతాడు. ఆ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి ఆమే. హిందూపురంలోని చాకీ కేంద్రంలో కంప్యూటర్ పనికి చేరి మూడు నెలలైంది. చాకీ కేంద్రమంటే, పట్టుపురుగులు గుడ్డులోంచి బయటపడినప్పటి నుంచి వారం పది రోజులు సాకి, కాస్త గట్టిపడ్డాక రైతులకు ఇచ్చే చోటు. మూడు నెలలు చూస్తామనీ, నచ్చితే ఉంచుకుంటామనీ యజమాని చంద్రశేఖర్ మొదటిరోజే చెప్పాడు. ఆ మూడు నెలలు ఈ సోమవారంతో సరి.

నోట్‌బుక్ అంటే కాగితాల పుస్తకం కాదు. కోడ్ రాసి, అక్కడికక్కడే నడిపించి, ఫలితం చూసుకునే సాధనం. పవిత్ర కంటే ముందు పనిచేసిన సురేష్ అందులో ఒక ప్రోగ్రాం రాసి వెళ్ళాడు. అది తాను తెరుచుకున్న ఫోల్డర్‌లో ఉన్న రైతుల పట్టికను చదువుతుంది. ఎవరికి పురుగులు ఏ తేదీన ఇచ్చారో చూసి, వయసు లెక్కగట్టి, ఈరోజు ఆకు ఎన్నిసార్లు వేయాలో అరవై నలుగురికీ మెసేజ్ పంపుతుంది. ఈ ప్రోగ్రాం అంటే చంద్రశేఖర్‌కు ప్రాణం. చుట్టుపక్కల ఏ చాకీ కేంద్రంలోనూ ఇది లేదని కనపడిన ప్రతి మనిషికీ చెప్తాడు.

ఆయనకు నచ్చనిది ఒక్కటే. కంప్యూటర్ సురేష్ పేరుతో పెట్టింది కాబట్టి, నోట్‌బుక్ తెరిస్తే మొదట సురేష్ ఫోల్డరే వస్తుంది.

"వాడు పని ఇడిసిపెట్టి పోయి నాలుగు నెలలాయె. దినామూ పొద్దున్నే వాని గుమ్మం తొక్కి మన యాపారం మొదలుపెట్టాల్నా?" అన్నాడు శనివారం. "ఉగాది నాడు సురేష్ చేతనే దేవుని పేరు మీద ఒక ఫోల్డర్ చేయించినా. దాంట్లో తెరుచుకునేట్ల చెయ్. సోమవారం ధర్మవరం నుంచి సిల్కు కంపెనీ మేడమ్‌ను పిలుచుకొని వస్తా. మన రైతుల పట్టుగూళ్ళన్నీ వాళ్ళే కొనేట్ల రాసుకోవాల. ఆమె చూసే పొద్దుకు దేవుని పేరు కనపడాల. అది చూసినాకనే నీ సంగతి గూడా."

సోమవారం తొమ్మిది గంటల రెండు నిమిషాలకు పవిత్ర పని మొదలుపెట్టింది. ముందురోజు వీడియో చూసి నేర్చుకున్నదే. నోట్‌బుక్ అమరికల ఫైలు తెరిచింది. ఫోల్డర్ పేరు రాయాల్సిన వరుసకు ముందున్న గుర్తు తీసేసింది. కొటేషన్ల మధ్య దేవుని ఫోల్డర్ దారి, అంటే అది కంప్యూటర్‌లో ఉన్న చోటు రాసి, సేవ్ చేసి, నోట్‌బుక్ తెరిచింది. నల్లటి కిటికీ ఒకటి కనపడి, కన్ను మూసి తెరిచేలోగా మాయమైంది. మళ్ళీ తెరిచింది. మళ్ళీ మాయమైంది. ఫోల్డర్ దారిలో ఒక్కో వాలు గీత ఉన్న చోట రెండేసి గీతలు పెట్టాలని వీడియోలో చెప్పిన మాట పది నిమిషాల తర్వాత గుర్తొచ్చింది. పెట్టింది. నోట్‌బుక్ తెరుచుకుంది. పైన దేవుని పేరు. కింద అదే ప్రోగ్రాం, అదే పేరుతో రైతుల పట్టిక. సురేష్ అన్నీ ఇక్కడ కూడా పెట్టాడన్న మాట, మంచివాడు, అనుకుంది. మూడో పని కూడా అయిపోతుందని నడిపించింది.

అరవై నాలుగు మెసేజ్‌లు వెళ్ళాయని తెర మీద వచ్చాక, ఏమని వెళ్ళాయో చదివింది.

"మీ పురుగులు పండాయి. ఈరోజు నుంచి ఆకు ఆపండి. చంద్రికల మీదికి ఎక్కించండి."

పురుగులు పండటమంటే, మేత మాని గూడు కట్టటానికి సిద్ధపడటం. అప్పుడు వాటిని చంద్రికల మీద, అంటే గూళ్ళు అల్లుకోవటానికి వెదురుతో కట్టిన తడకల మీద వేస్తారు. కానీ ఆ అరవై నలుగురి పురుగులూ పండటానికి ఇంకా కనీసం నాలుగు రోజులుంది. అన్ని రోజుల్లోకీ ఎక్కువ ఆకు తినే రోజులు ఇవే. ఇప్పుడు మేత ఆపితే ఆకలికి మాడిపోతాయి. గూడు కట్టవు.

డిగ్రీలో లెక్కలు బాగా వచ్చిన మనిషి కాబట్టి పవిత్ర మనసు తనంతట తానే లెక్క వేసింది. ఒక్కో రైతుకు నలభై ఐదు వేల పురుగులు. అరవై నలుగురికి ఇరవై ఎనిమిది లక్షల ఎనభై వేలు. అన్ని నోళ్ళు తాను ఒక్క మీటతో మూయించింది.

గుమ్మం దాటి అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. వెంటనే ప్రోగ్రాం చివర ఇంకో వరుస చేర్చింది: "పై మెసేజ్ పొరపాటు. పాటించవద్దు." భయంలో, ఆ ఒక్క వరుసను నడిపించాల్సింది పోయి, అన్నిటినీ మొదటి నుంచి నడిపించే మీట నొక్కింది. ఆకు ఆపమని ఇంకోసారి అరవై నలుగురికీ వెళ్ళింది. దాని వెంటే పొరపాటన్న మాట కూడా వెళ్ళింది. ఆపైన ఈరోజుకు మెసేజ్‌ల పరిమితి అయిపోయిందని తెర మీద ఎర్రగా వచ్చింది.

ఫోన్ మోగింది.

"ఏన్ మేడం, నేను నరసింహ, మాది పెనుకొండ పక్క. మావి పండినాయంట?" వెనక నుంచి బండ్ల హారన్లు గోలగోలగా వినిపిస్తున్నాయి. "చంద్రికలకు తిప్పేస్వామికి చెప్పేసినా. మీరేమీ భయపడొద్దండి."

"అన్నా, అట్ల కాదు, ఒక్క నిమిషం..."

"లిఫ్టు వచ్చె, మళ్ళీ చేస్తా," అని పెట్టేశాడు.

పల్లెలో లిఫ్టు ఎక్కడిదని ఆమెకు అప్పుడు తట్టలేదు. పట్టిక చూసి వరుసగా ఫోన్లు చేయటం మొదలుపెట్టింది. పద్నాలుగు మంది ఎత్తలేదు. ఎత్తిన తొమ్మిది మందీ ఆమె మాట వినకముందే "చంద్రికలకు చెప్పేసినాం మేడం" అన్నారు. ఒకాయన మీటింగులో ఉన్నానని గుసగుసగా చెప్పాడు. రైతుకు మీటింగేమిటని కూడా ఆమె అనుకోలేదు. భయం మనిషి చెవులను ఒక్క మాటకే తెరిచి పెడుతుంది. ఆమెకు ఆ పూట వినిపించింది చంద్రికలన్న ఒక్క మాటే.

పెనుకొండలో చంద్రికలు బాడుగకు ఇచ్చే తిప్పేస్వామికి ఫోన్ చేసింది. రైతులకు వెళ్ళే మెసేజ్ నకలు ఒకటి ఆయనకూ వెళ్ళేట్టు సార్ పెట్టించాడు.

"తిప్పేస్వామన్నా, ఆ మెసేజ్ తప్పన్నా. ఎవరికీ చంద్రికలు పంపొద్దు."

"తప్పా? రెండుసార్లు వచ్చె గదమ్మా. తప్పయితే ఎవరన్నా రెండుసార్లు పంపుతారా?"

"పాటించొద్దని గూడా పంపినా కదన్నా."

"చూసినా. నా ఫోన్లో అది ముందొచ్చి, దాని తర్వాత మళ్ళీ ఆకు ఆపండని వచ్చె. మనసు మార్చుకున్న్యారు అనుకుంటి." గొంతులో ఉత్సాహం దాగటం లేదు. "నలభై ఒక్క మంది అడిగినారు పాపా, ఒక్క పూటలో. ఇరవై ఏండ్ల నుంచి ఈ పని చేస్తాండా, ఇట్లా దినం చూళ్ళేదు. చెన్నేకొత్తపల్లి నుంచి గూడా తెప్పిస్తాండా. మూడు బండ్లకు ఎత్తినాం. ముందు కదిరమ్మ షెడ్డుకే పోతాండా, వాళ్ళ నరసింహ అందరికంటే ముందు చెప్పినాడు."

ఆ ఫోన్ పెట్టగానే సార్ నుంచి వచ్చింది. పవిత్ర లేచి నిలబడి ఎత్తింది.

"పవిత్రా, తిప్పేస్వామి చెప్పినాడు." చంద్రశేఖర్ గొంతు ఎప్పుడూ లేనంత తియ్యగా ఉంది. "నాలుగు దినాలు ముందే పండినాయంట కదా. ఈడ కంపెనీ మాధవి మేడంకు చెప్తే నమ్మల్యా. చూపియ్యండి అంటాండారు. ఫోల్డర్ మార్చిన గుణం చూసినావా? మేము ధర్మవరం నుంచి నేరుగా కదిరమ్మ షెడ్డు కాడికి వస్తాండాం. నువ్వు పట్టిక ప్రింటు తీసుకొని బస్సెక్కు."

"సార్, ఒక మాట..."

"వచ్చి చెప్దువులే."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని సురేష్‌కు ఫోన్ చేసింది. అతను ఇప్పుడు బత్తలపల్లిలో విత్తనాల అంగడిలో పనిచేస్తున్నాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు.

"అది నేను నేర్చుకునేటప్పుడు పెట్టుకున్న పట్టికక్కా. పేర్లు, నంబర్లు నిజమైనవే, తేదీలు ఉత్తుత్తివి. నోట్‌బుక్ ఏ ఫోల్డర్లో తెరుచుకుంటే ఆడుండే పట్టికనే చదువుతాది కదా. అందుకే ఆ ఫోల్డర్ ముట్టుకోవద్దని రాసిపెట్టినాను."

"యాడ రాసిపెట్టినావు?"

"ఆ ఫోల్డర్లోనే."

"ఆ ఫోల్డర్ ఎవరూ తెరిచేదే లేదు కదా సురేషూ."

"అందుకే కదక్కా ఇన్ని దినాలూ ఏమీ కాలేదు," అన్నాడు సురేష్. అతను ఎగతాళి చేయటం లేదు. నిజంగానే ఊరట పడుతున్నట్టు చెప్పాడు.

పెనుకొండ దాకా ఆ నలభై నిమిషాలూ పవిత్ర తన చేతిలోని పట్టికనే చూస్తూ కూర్చుంది. అరవై నాలుగు పేర్లు. ఒక్కో పేరు దగ్గరా ఒక షెడ్డు, షెడ్డులో వాడిన ఆకు మీద తలలెత్తి వెతుకుతున్న పురుగులు కనపడ్డాయి. సార్‌కు చెప్పాల్సిన మాటలు వరుస పెట్టుకుంది. "తప్పు నాదే సార్" అన్నది మొదటి మాట. రెండో మాట ఎంత వెతికినా దొరకలేదు. ఈలోపు నాయన ఫోన్ చేశాడు. ఎత్తితే ఏడుపొస్తుందని ఎత్తలేదు.

కదిరమ్మ షెడ్డు బస్సు దిగిన చోటు నుంచి కిలోమీటరు. పవిత్ర సగం నడిచి, సగం పరిగెత్తింది. అక్కడ మూడు బండ్లు నిలబడి ఉన్నాయి. మూడింటి మీదా చంద్రికలు ఇంటెత్తున పేర్చి ఉన్నాయి. తిప్పేస్వామి తలపాగా విప్పి చేతిలో పట్టుకొని నిలబడ్డాడు. షెడ్డు తలుపుకు అడ్డంగా కదిరమ్మ. అరవై దాటిన మనిషి. చేతిలో మల్బరీ కొమ్మల కట్ట.

"ఎవరు రమ్మన్న్యారు నిన్ను? నా షెడ్డు కాడికి ఇంత దుమ్ము లేపుకొని వస్తావా?" అంటోంది.

"నీ కొడుకే చెప్పినాడు గదమ్మా."

"వాడు యాడుండాడు, నా పురుగులు యాడుండాయి? వాడు చెప్తే నువ్వు వచ్చేదేనా? నీకు బుద్ధి ఉండాదా లేదా తిప్పేస్వామీ?"

పవిత్ర ఇద్దరినీ దాటుకుని తలుపు వైపు వెళ్ళబోయింది. కదిరమ్మ కొమ్మల కట్ట అడ్డం పెట్టింది.

"ఆగు పాపా. ఎవరు నువ్వు?"

"చాకీ సెంటర్ నుంచి అవ్వా. లోపల పురుగులు..."

"తల్లో పూలు తీసి ఆ గోడ మీద పెట్టు. వాసన తగిలితే అవి మేత ముట్టవు. మూతికి పౌడరు పూసినావా?"

"లేదవ్వా."

"రోగం లోపలికి రాకుండా కాళ్ళు ఆ సున్నం నీళ్ళల్లో పెట్టు. రెండు కాళ్ళూ. ఊరికే తడిపి తీసేది కాదు, నిలబడు."

పవిత్ర తొట్టిలో నిలబడింది. ఇరవై ఎనిమిది లక్షల ఎనభై వేలు. నోరు విప్పి ఆమెకు చెప్పాలనుకుంది. ఇంతలో తలుపు సందులోంచి ఒక చప్పుడు వినిపించింది. సన్నగా, తెరిపి లేకుండా వాన పడుతున్న చప్పుడు. తల ఎత్తి చూసింది. ఆకాశంలో మబ్బు తునక లేదు. మూడు నెలలుగా అక్కడ చినుకు పడలేదు.

"వాన కాదు పాపా," అంది కదిరమ్మ, ఆమె చూపు చూసి. "మేస్తాండాయి. పొద్దున్నుంచి రెండుసార్లు వేసినా, చాలదంటాండాయి. ఈ కట్ట మూడోది."

పవిత్ర కాళ్ళు నీళ్ళల్లోనే ఉంచి తొట్టి గట్టు మీద కూర్చుంది.

"ఆకు ఆపలేదా అవ్వా?"

"ఎందుకు ఆపుతా? ఆకలిగా ఉండేదానికి కూడు పెట్టకుండా ఆపేదానికి నేనేమన్నా పాపాత్మురాలినా? పండిన పురుగు తెలీదా నాకు? వెలుతురుకు పట్టి చూస్తే ఒళ్ళు అద్దం మాదిరి తేటగా ఉంటాది. ఇవింకా పాల మాదిరి ఉండాయి."

అప్పుడే కారు వచ్చి బండ్ల వెనక ఆగింది. చంద్రశేఖర్ దిగాడు. వెంట మాధవి మేడం. ఆయన మూడు బండ్ల చంద్రికలను చూసి, చేయి చాపి, "చూడండి మేడం," అన్నాడు.

పవిత్ర లేచింది. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా తెల్లగా ఉన్నాయి. "తప్పు నాదే సార్," అంది. రెండో మాట దొరకలేదు కాబట్టి మొదటి నుంచి చివరి దాకా ఉన్నదున్నట్టు చెప్పేసింది. ఫోల్డర్ మార్చటం, ఉత్తుత్తి పట్టిక, రెండుసార్లు నొక్కటం, అన్నీ. చంద్రశేఖర్ చాపిన చేయి అట్లాగే కాసేపు గాలిలో ఉండి, మెల్లగా కిందికి దిగింది.

"అరవై నలుగురికీ పోయిందా?" అన్నాడు. ఇప్పుడు భయం ఆయన వంతు. "అందరూ ఆకు ఆపేసింటారే. మేడం, మా అమ్మాయి కొత్తది, ఈ పొద్దే తీసేస్తా..."

మాధవి ఆ మాట పట్టించుకోలేదు. పవిత్ర చేతిలోని పట్టిక తీసుకుని చూసింది. ఆమెకు ముప్పై ఐదేళ్ళుంటాయి, ధర్మవరం మగ్గాల మధ్య పెరిగిన మనిషి. ఎవరి మాటా సగంలో ఆపదు, ఎవరి మాటా ఊరికే నమ్మదు.

"కదిరమ్మా, ఈ పొద్దు ఆకు ఆపమని నీకు మెసేజ్ రాలేదా?"

"నాకెట్లా వస్తాది? నాకు ఫోన్ యాడుండాది?"

"మరి ఈడ నీ పేరు ముందు నంబరుండాది కదా."

"అది మావాడు నరసింహది. బెంగళూర్లో లిఫ్టులు రిపేరు చేస్తాడు. ఇంటికొక ఫోన్ నంబరు కావాలని సెంటర్లో అడిగిరి, మా ఇంట్లో ఫోన్ ఉండేది వానికే కదా అని వాని నంబరు రాపిస్తి."

మాధవి ఆ పక్కనున్న నాలుగు షెడ్ల పేర్లు చూసి నాలుగు నంబర్లకు అక్కడే నిలబడి ఫోన్ చేసింది. నాలుగూ బెంగళూరులో మోగాయి. ఒకరు అపార్ట్‌మెంటు గేటు దగ్గర, ఒకరు గార్మెంట్ ఫ్యాక్టరీలో, ఒకరు క్యాబు నడుపుతూ. నాలుగో మనిషి ఇంకా మీటింగులోనే ఉన్నాడు. పగటిపూట వాళ్ళమ్మలకు చెప్పటానికి ఫోన్ లేక, నలుగురూ తమకు చేతనైన పని చేశారు. తిప్పేస్వామికి చంద్రికలు చెప్పారు. ఆకు కోసే అమ్మలకు ఈ సంగతే తెలియదు.

"ఏడాది నుంచి మెసేజ్‌లు పంపుతాండాం," అన్నాడు చంద్రశేఖర్ ఎవరితోనో చెప్తున్నట్టు. "దినామూ పంపుతాండాం."

"వస్తాండాయంట సార్," అంది కదిరమ్మ ఆయన్ను ఓదారుస్తూ. "సాయంత్రం పక్కింటి లక్ష్మీదేవి పని నుంచి వచ్చినాక ఆమె ఫోనుకు చేసి, అమ్మా ఈ పొద్దు మూడుసార్లు ఆకు వేయాలంట అని చెప్తాడు మావాడు. నేను సరేలే నాయనా అంటా. అప్పటికే నాలుగుసార్లు వేసింటా. పాపం, వానికి గూడా ఇంటి పని చేసినట్లుంటాది కదా."

లోపల పురుగులు మేస్తూనే ఉన్నాయి. మాధవి చెప్పులు విప్పి, సున్నం నీళ్ళల్లో కాళ్ళు పెట్టి, లోపలికి వెళ్ళి, పావుగంట తర్వాత బయటికి వచ్చింది.

"పురుగు బాగుండాది," అంది. "మేము కొనేది గూళ్ళు చంద్రశేఖర్ గారూ, మెసేజ్‌లు కాదు. రాసుకుందాం. కానీ ఒక్కటి. వారానికొకసారి ప్రతి షెడ్డుకూ పోయి, ఆకు వేసే మనిషితో మాట్లాడి, పురుగును కంటితో చూసి రాసుకొచ్చే మనిషి కావాల. అట్లాంటివాళ్ళు మీ కాడ ఉండారా?"

చంద్రశేఖర్ పవిత్ర వైపు చూశాడు. తెల్లటి కాళ్ళతో, ఎండలో కిలోమీటరు పరిగెత్తి వచ్చిన మొహంతో నిలబడి ఉంది.

"ఉండాది మేడం," అన్నాడు. "ఈ పొద్దు నుంచే పర్మనెంటు."

అలా పవిత్ర ఉద్యోగం గట్టిపడింది. మిగతా షెడ్లలోనూ ఆ రోజు ఎవరూ ఆకు ఆపలేదని సాయంత్రానికి తేలింది. మూడేళ్ళు కూర్చుని కంప్యూటర్లు చదివిన పిల్లకు ఇప్పుడు వారానికి అరవై నాలుగు షెడ్లు నడిచి తిరగటం పని. ఆమె కొత్త పట్టిక ఒకటి తయారు చేసుకుంది. దాంట్లో ఫోన్ నంబరు పక్కన ఇంకో గడి ఉంది: ఆకు ఎవరు వేస్తారు. అరవై నాలుగింటిలో యాభై ఒక్క చోట్ల ఆ గడిలో ఆడవాళ్ళ పేర్లే వచ్చాయి. నోట్‌బుక్ మళ్ళీ సురేష్ ఫోల్డర్‌లోనే తెరుచుకుంటోంది. దాని గురించి సార్ ఇంతవరకూ ఒక్క మాట అనలేదు.

చదివినవాళ్ళకు ఒక మనవి. పవిత్రను మర్చిపోయినా పరవాలేదు, ఆమెకు జీతం వస్తోంది. తిప్పేస్వామిని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఆ సాయంత్రం మూడు బండ్ల చంద్రికలూ వెనక్కి తీసుకెళ్ళి, ఒక్కొక్కటే దింపి పేర్చుకున్నాడు. హిందూపురం నుంచి ఏడాది పొడుగునా వెళ్ళిన మెసేజ్‌లలో ఒక్కదాన్నైనా పొల్లు పోకుండా పాటించిన మనిషి ఆయనొక్కడే.